తీగ మీద లేని ఉత్తరం

“ఈ ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదండీ” అన్నాను ఒకరోజు మా సెక్షన్ ఆఫీసరు గారితో. ఆయన ఫైలులోంచి తలెత్తి, పొద్దున్నే అవేం మాటలమ్మా అని విసుక్కున్నారు. నేను వెటకారానికి అనలేదు. నా బల్ల మీద ఒకే కుటుంబానివి ముప్ఫై ఏళ్ల ఉత్తరాలున్నాయి. వాటిలో పెళ్లిళ్లున్నాయి, పురుళ్లున్నాయి, గేదె ఈనడం ఉంది, కోడలు అలగడం ఉంది, ఆవకాయ జాడీ పగలడం కూడా ఉంది. ఆ ఇంటి మనిషి చావు మాత్రం ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో నాకు తెలియక కాదు. మా వైపు చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో ఉంచుకోరు. గుమ్మం బయటే నిలబడి చదువుతారు, అక్కడే చింపేస్తారు, తల మీద నీళ్లు పోసుకుని గాని లోపల అడుగు పెట్టరు. అదీ అయినవాళ్లు పోతేనే. ఊళ్లో ఇంకెవరో పోయారని ఉత్తరంలో ఒక ముక్క ఉంటే దానికి చింపడమూ లేదు, స్నానమూ లేదు. అయ్యో పాపం అనుకుని మిగతా వాటితోపాటు చూరుకు వేలాడే ఇనపతీగకు గుచ్చేస్తారు. కరణం గారు పోయిన సంగతీ, చాకలి తాత పోయిన సంగతీ నా బల్ల మీద ఉన్నాయి. ఆ ఇంటి మనుషులు మాత్రం పోరు. ఒక మేనత్త ఉంటుంది, ప్రతి ఉత్తరం చివరా ఆవిడ ఆశీస్సులుంటాయి. ఒక ఉత్తరం నుంచి ఉండవు. అంతే సంగతి.

ఇది డెబ్బైల మధ్యలో మాట. ఎమర్జెన్సీ భయానికి అందరూ పదింటికల్లా కుర్చీల్లో కూర్చునే రోజులు. కృష్ణా బ్యారేజీ దాటి అవతల ఉన్న యూనివర్సిటీ లైబ్రరీలో నాకు ఉద్యోగం. చరిత్ర ప్రొఫెసరు గారొకాయన పాత కుటుంబాల ఉత్తరాలు, కాగితాలు పోగు చెయ్యాలని పట్టుబట్టి, పత్రికల గది వెనక ఒక చిన్న గది సంపాదించారు. ఒక ఫ్యాను, ఒక కిటికీ, నాలుగు ఇనప బీరువాలు, నేను. ట్రంకు పెట్టెలు వచ్చేవి. నా పని ఉత్తరాన్ని తీగ నుంచి ఊడదీయడం, మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, నంబరు వేయడం, కేటలాగు కార్డు రాయడం. ఎవరు రాశారు, ఎవరికి, ఏ ఊరి నుంచి, ఎప్పుడు, ఏ విషయం. ఇంకో మనిషి మొహం చూడకుండా సాయంత్రం దాకా ఈ పని చేసుకోవచ్చు. నాకు ఈ పని ఇవ్వడానికి కారణం కూడా అదేనేమో. నాకు ముక్కు మీద కోపమని లైబ్రరీ అంతటికీ తెలుసు, పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గర నన్ను కూర్చోబెట్టి ఒకసారి చూశారు కూడా.

ఉండేది బెజవాడ పటమటలో. పెంకుటింటి వెనకవైపు ఒక గది. ఇంటావిడ రోజుకు రెండే రెండు బకెట్ల నీళ్లిచ్చేది. మూడో బకెట్టు అడిగితే కృష్ణానది మొత్తం నేనే తాగేస్తున్నట్టు చూసేది. ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని, వెనక బెంచీలో కూర్చుని, అందరూ బయట నిలబడి కబుర్లాడుకునే వేళకి జారుకునేదాన్ని. ఒంటరిగా ఉండటం నాకు అలవాటైపోయిందని అడిగిన ప్రతివాళ్లకీ చెప్పేదాన్ని. అబద్ధం. అలవాటు కాలేదు. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా, తాళం తీసి గదిలోకి అడుగుపెట్టగానే, ఇవాళ ఏమైందో తెలుసా అని ఎవరికైనా చెప్పబోయి ఆగిపోయేదాన్ని.

నాన్న నాకు గుర్తులేడు. అమ్మ పామర్రు దాటాక కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్లో మిషన్ బడి పంతులమ్మ. ఊరికి ఎడంగా మావాళ్లుండే పేటలోనే బడి, పేటలోనే మా ఇల్లు. ఎనిమిదో ఏట నన్ను బందరు బోర్డింగు స్కూల్లో వేసింది. నా పదో ఏట అమ్మ పోయింది. ఆ సంగతి నాకు తెలిసేసరికే సమాధి అయిపోయింది. వార్డెను గారు ప్రార్థన అయ్యాక గదిలోకి పిలిచి, ఒక పోస్టుకార్డు చదివి వినిపించారు. “పంతులమ్మ గారు ప్రభువునందు నిద్రించిరి. అమ్మాయికి మెల్లగా తెలియజేయగలరు.” అంతే. ఏ జబ్బో లేదు, ఎన్నాళ్లు పడిందో లేదు, పక్కన ఎవరున్నారో లేదు, నన్నెందుకు పిలిపించలేదో లేదు. చివర సంఘపెద్ద సంతకం ఉంది. వార్డెను గారు ఆ కార్డు చింపబోతుంటే నేను ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. మా అమ్మ పేరున నాకు మిగిలింది అదొక్కటే. ఉన్న సామాను ఎవరో దూరపు మేనమామ తీసుకుపోయాడట, కాగితాలు పొయ్యిలోకి పోయాయట. ఆ కార్డును బైబిల్లో పెట్టుకున్నాను. చావు ఉత్తరం దాచుకోకూడదు, మా పేటలో వాళ్లు కూడా దాచుకోరు. తెలిసే దాచుకున్నాను.

ఇరవై నాలుగేళ్లు ఆ కార్డు చూసినప్పుడల్లా ఒక్కటే అడిగేదాన్ని. నన్నెందుకు పిలవలేదు? ఎవర్ని అడగాలో తెలియదు కాబట్టి అందరి మీదా కోపం పెంచుకున్నాను. సంఘం మీద, ఊరి మీద, వార్డెను గారి మీద. ఆవిడ నన్ను కన్నబిడ్డలా చూసింది పాపం, అయినా సరే.

నేను మొదట చెప్పిన ఉత్తరాల ట్రంకు బెజవాడలో ఒక పెద్ద ప్లీడరు గారింటి నుంచి వచ్చింది. ఆయనే పిలిచి ఇచ్చారట. లోపల నాలుగు ఇనపతీగలు, కింద గుండ్రటి చెక్క బిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరం వచ్చినట్టు మధ్యలో గుచ్చేసి చూరుకు వేలాడదీసుకునే తీగలు. ప్రతి ఉత్తరం నడిబొడ్డునా ఒక చిల్లు, దాని చుట్టూ తుప్పు మరక. ఏ మాట మీద చిల్లు పడిందో చూసుకుని ఊహించుకోవాలి. పైగా తీగ మీద కొత్తది పైన, పాతది అడుగున ఉంటుంది. ఊడదీసేవాళ్లు కాలంలో వెనక్కి నడవాలి.

మొదటి రెండు తీగలూ కేసుల వాళ్లవీ, అత్తవారి వైపు వాళ్లవీ. మూడో తీగ ఆయన తల్లి నుంచి వచ్చిన కార్డులు. ముద్ర మీద ఊరి పేరు చూడగానే చేతిలో కుంచె ఆగింది. మా ఊరు. మా ఊరి పెద్దింటి అమ్మగారు. ఆవిడ కొడుకు బెజవాడలో చదువుకున్నాడనీ, నల్లకోటు వేసుకుంటాడనీ చిన్నప్పుడు విన్నదే. ఈయనే ఆయనని నాకు తట్టలేదు. ఆఫీసరు గారికి చెప్పలేదు. చెబితే ఇంకొకరికి అప్పగిస్తారేమోనని భయం.

అమ్మగారికి చదువు రాదు. ఒకరి చేత రాయించుకోవాల్సిందే. పైన ఉన్న కార్డులు ఊరి పోస్టుమాస్టరు రాసిపెట్టినవి. ప్రతిదాని చివరా రాసినవాడి నమస్కారం ఉంటుంది. అది మా వైపు మర్యాద. ఎవరి ఉత్తరమైనా సరే, రాసిపెట్టిన చెయ్యి ఊరికే పోదు, అడుగున ఒక పలకరింపు పెట్టి పోతుంది. “ఈ కార్డు వ్రాసిన పోస్టుమాస్టరు నమస్కారములు.” అలా పదిహేను, ఇరవై కార్డులు ఊడదీశాను. ఇరవయ్యొకటోదో, ఇరవైరెండోదో తీసేసరికి చేతిరాత మారింది. గుండ్రంగా, బారుగా, సున్నాలు కొలిచి పెట్టినట్టున్నాయి. అడుగున ఇలా ఉంది. “ఈ కార్డు వ్రాసిన పంతులమ్మ తమకు వందనములు చేయుచున్నది.”

నమస్కారములు కాదు, చర్చివాళ్లు చెప్పుకునే వందనములు. ఆ ఊళ్లో అలా రాసే పంతులమ్మ ఇంకెవరు?  లేచి తలుపు దగ్గరకు వేశాను. మళ్లీ కూర్చుని, ఆ కార్డు ముట్టుకోకుండా చాలాసేపు చూశాను. అమ్మ పోయాక ఆవిడ చేతిరాత నేను చూడటం అదే మొదలు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. పెద్దింటి అరుగు మీద అమ్మ, గడపకు లోపలివైపు పీట మీద అమ్మగారు, అరుగు మెట్టు మీద నేను. పేట మనిషిని పిలిచి రాయించుకోవడమేమిటని వాళ్ల వాళ్లంతా గొణిగేవారట. అమ్మగారు చెవిన వేసుకోలేదు. కరణం గారితో రాయిస్తే కోడలి సంగతి సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పంతులమ్మ కడుపులో పడ్డ మాట పైకి రాదు. అదీ ఆవిడ లెక్క. అమ్మ రాసి, పైకి చదివి వినిపించేది. అమ్మగారు వింటూ వింటూ ఇంకో ముక్క చేర్పించేది. కార్డు నిండిపోయేది. ఆ మిగిలిన చివరి అరంగుళం అమ్మది.

నేను వెనక్కి నడుస్తున్నాను కదా, మొదట దొరికినవి అమ్మ ఆఖరి కార్డులు. ఆ అరంగుళంలో అమ్మ వందనాలు ఒక్కటే పెట్టి ఊరుకోలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక ముక్క ఎక్కువ రాయడం నేర్చుకుంది. ఒకదానిలో, “నాకు దగ్గు తగ్గలేదు, అమ్మగారు మిరియాల పాలు పంపుచున్నారు.” దానికి ముందుదానిలో, “మా అమ్మాయి లెక్కలలో మొదటి మార్కు తెచ్చుకొనినది.” ఇంకా ముందుకి పోతే, “అమ్మాయిని బందరు బోర్డింగులో వేసితిని. ఇల్లు బోసిగా ఉన్నది.”

ఆ ముక్క దగ్గర నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ దిటవుగల మనిషి అనుకునేదాన్ని. బస్సెక్కించినప్పుడు కంటతడి పెట్టలేదు. గట్టిగా చదువుకో అని వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయింది. నన్ను వదిలించుకుందని రెండేళ్లు అనుకున్నాను. ఇల్లు బోసిగా ఉందని నాకు రాయలేదు, ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఎక్కడో బెజవాడలో ఉన్న, ఎప్పుడూ చూడని నల్లకోటాయనకి, ఇంకొకరి ఉత్తరం అడుగున రాసింది. ఆ మాట చెప్పుకోడానికి ఆవిడకున్న చోటు అదొక్కటే.

ఇంకా అడుగుకి పోయిన కొద్దీ అమ్మ దగ్గు తగ్గిపోయింది, నేను చిన్నదాన్నయిపోయాను. “తమరు పంపిన పలక, బొమ్మల పుస్తకము అమ్మాయికి ఇచ్చితిని. పలకను రాత్రి పక్కలో పెట్టుకొని పడుకొనినది.” ఎర్ర చట్రం పలక. అది నాకు గుర్తే, ఎక్కడిదో మాత్రం తెలియదు. ఏసుప్రభువు ఇచ్చాడని అమ్మ చెప్పినట్టు గుర్తు. మొదటి కార్డులో వందనాలు తప్ప ఇంకేం లేవు. నాలుగేళ్ల అమ్మ నాలుగు రోజుల్లో నా చేతుల్లోంచి నడిచిపోయింది.

అప్పుడు పడ్డాను అసలు వెతుకులాటలో. అమ్మ ఆఖరి కార్డుకీ, పోస్టుమాస్టరు మొదటి కార్డుకీ మధ్య ఒక ఉత్తరం ఉండాలి. పంతులమ్మ పోయిందని, ఇలా పోయిందని అమ్మగారు కొడుక్కి చెప్పిన ఉత్తరం. నాకు కావలసింది అది. అందులో ఏ జబ్బో ఉంటుంది, ఎవరున్నారో ఉంటుంది, నన్నెందుకు పిలవలేదో ఉంటుంది. తీగలు నాలుగూ మళ్లీ చూశాను. ట్రంకు అడుగున పరిచిన పాత పేపరు ఎత్తి చూశాను. లేదు. పోస్టుమాస్టరు మొదటి కార్డు ఇలా మొదలైంది. “ఉభయకుశలోపరి. మినుము పలచగా మొలిచినది.”

ఒళ్లు మండిపోయింది. చాకలి తాత పోతే రెండు వరసలు రాయించిన మనిషికి, నాలుగేళ్లు తన కడుపులో మాటంతా కాగితం మీద పెట్టిన పంతులమ్మ పోతే మినుములు గుర్తొచ్చాయా! పేట మనిషే కదా. రాసే చెయ్యి ఒకటి పోయింది, ఇంకోటి దొరికింది. అలా అనుకున్నాను. చింపేసి ఉంటారన్న ఆలోచన నాకు రానేలేదు. చింపేది అయినవాళ్ల ఉత్తరం. మేం వాళ్లకి ఎప్పుడు అయినవాళ్లం?

ఆ కోపం నేను రాసే కేటలాగు కార్డుల మీద చూపించాను. అచ్చు కార్డులో ఉత్తరం పంపినవారికి గడి ఉంది గాని, రాసిపెట్టిన చేతికి లేదు. అమ్మ రాసిన ఉత్తరాల తాలూకు కేటలాగు కార్డులన్నిటి అడుగునా పెన్సిలుతో “చేతిరాత పంతులమ్మది” అని రాశాను. ఆఫీసరు గారు చూసి, ఉత్తరం అమ్మగారిదమ్మా, గుమాస్తా సంగతి మనకెందుకు అన్నారు. గుమాస్తా కాదండీ అన్నాను. గొంతు పెరిగిందని నాకూ తెలిసింది. ఆయన నా మొహం ఒకసారి చూసి, పెన్సిలే కదా ఉండనీలే అని వెళ్లిపోయారు.

ప్లీడరు గారి సంతకం కావలసిన కాగితం ఒకటి ఉంది. పోస్టులో పంపితే సరిపోతుంది. నేనే తీసుకెళ్తానన్నాను.

సూర్యారావుపేటలో పాత డాబా. ముందు వరండాలో పడక కుర్చీలో ఆయన. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తెల్ల పంచె, బనీను. అమ్మగారు పోయి చాలా ఏళ్లయిందని అప్పుడే తెలిసింది. నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోమన్నారు. అయ్యగారూ అనబోయింది నా నాలుక, పంటి కింద పెట్టి ఆపాను. సంతకం చేశారు. కాఫీ వచ్చింది. ఉత్తరాలు పాడైపోలేదు కదా అని అడిగారు. లేదండీ అన్నాను. ఇక లేవాలి. లేవలేదు.

చివరికి నీళ్లు నములుతూ, మూడో తీగలో ఒకచోట ఖాళీ ఉన్నట్టుందనీ, ఒక ఉత్తరం తప్పిపోయిందేమోననీ అన్నాను. ఏ ఉత్తరమని అడిగారు. మీ అమ్మగారికి ఉత్తరాలు రాసిపెట్టిన పంతులమ్మ గారు పోయినప్పటిదండీ అన్నాను.

ఆయన చేతిలో కలం మూత పెట్టి, జేబులో పెట్టుకోవడానికి బనీనుకి జేబు వెతుక్కుని, మళ్లీ బల్ల మీద పెట్టారు.

“తప్పిపోలేదమ్మా. చింపేశాను.”

“ఎందుకండీ?”

“చావుత్తరం ఇంట్లో ఉంచుకుంటామా?”

నా కోపం ఊరుకోలేదు. “అది మీవాళ్లు పోతే కదండీ” అన్నాను.

ఆయన నన్ను నిదానంగా చూశారు. కేసులో ఎదురు సాక్షిని చూసినట్టు చూస్తారనుకున్నాను, అలా చూడలేదు. “నాలుగేళ్లు మా అమ్మ మాట నాకు ఆవిడ చేత్తోనే వచ్చిందమ్మా. కార్డు చేతికి రాగానే మొదట అడుగున ఆవిడ ముక్క చదివి, తర్వాత మా అమ్మది చదివేవాణ్ణి. మాకు కానిదెలా అవుతుంది? అదిగో, ఆ గేటు దగ్గరే చదివాను, అక్కడే చింపాను. మా ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది. కోర్టుకెళ్లలేదు ఆ పూట.”

గేటు వైపు చూశాను. మామూలు ఇనప గేటు, పచ్చరంగు. 

ఉత్తరంలో ఏముందో గుర్తుందా అని అడిగాను.  ఆయన కళ్లు మూసుకుని చెప్పారు, ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయన్నారు. దగ్గు ముదిరి జ్వరంలోకి దిగిందట. మూడు రోజులు. రెండో రోజున అమ్మగారు తానే కాలవ గట్టు వెంట పేటకి నడిచి వెళ్లిందట. పుట్టి బుద్ధెరిగి ఆవిడ పేటలో అడుగు పెట్టలేదు. జావ కాచి పట్టుకెళ్లి, తెల్లారేదాకా పక్కనే కూర్చుందట. పిల్లకి కబురు పెడతాను, బండి పంపిస్తాను అంటే పంతులమ్మ వద్దందట.

“పిల్లకి పరీక్షలు, మానకూడదు అందట. తగ్గాక నేనే వెళ్లి చూసొస్తాను అందట. అది మాత్రం బాగా గుర్తుంది నాకు” అన్నారు. “అమ్మ ఆ మాట రెండుసార్లు రాయించింది.”

ఇరవై నాలుగేళ్లు నేను ఊరిని తిట్టుకున్నాను. నన్ను పిలవద్దన్నది మా అమ్మ. తగ్గుతుందనుకుంది పిచ్చిది. ఆ పరీక్షలేవో, నాకెన్ని మార్కులొచ్చాయో నాకు గుర్తు కూడా లేదు.

కాఫీ చల్లారిపోయింది. ఆయన ముందుకు వంగి, ఇవన్నీ యూనివర్సిటీకెందుకమ్మా అని అడిగారు. అడిగిన తర్వాత నా మొహంలో ఏం కనిపించిందో, ఆవిడ మీకేమవుతారని మళ్లీ అడిగారు.

“కూతుర్నండీ.”

“పలక పిల్లవా!” అన్నారు. అప్పటిదాకా మీరు అన్న మనిషి ఆ ఒక్క మాటతో నువ్వులోకి దిగారు. లోపలికి కేకేసి భార్యను పిలిచారు, ఆవిడ వచ్చి నన్ను చూసి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ ఇద్దరికీ నేను తెలుసు. ఎప్పుడూ చూడకుండానే, అరంగుళం అరంగుళంగా నాలుగేళ్లు తెలుసు. అమ్మ పోయాక బోర్డింగుకి రెండు ఉత్తరాలు రాశారట, జవాబు రాలేదట. ఆ ఉత్తరాలు నాదాకా రాలేదు. ఎక్కడ ఆగిపోయాయో ఇప్పుడు వెతికి లాభం లేదు.

గేటు దాకా వచ్చారు ఆయన. అక్కడ నిలబడి అన్నారు, “నువ్వొచ్చి అడుగుతావని ఆ రోజు తెలిసినా చింపేవాణ్ణేనమ్మా. తప్పుగా అనుకోకు.”

అనుకోలేదండీ అన్నాను. ఆదివారం భోజనానికి రమ్మన్నారు. వస్తానన్నాను. ఎవరు ఇంటికి రమ్మన్నా వస్తానని చెప్పి, వెళ్లనిదాన్ని నేను. ఆ సంగతి ఆయనకు తెలియదు.

లైబ్రరీకి తిరిగి వెళ్లలేదు. సూర్యారావుపేట నుంచి పటమట దాకా నడిచాను. బందరు రోడ్డు మీద బస్సులు పామర్రు బోర్డు పెట్టుకుని నా పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. తాళం తీశాను. ఇవాళ ఏమైందో తెలుసా అని చెప్పడానికి గదిలో ఎవరూ లేరు. ఆ పూట అది ఎప్పటికంటే ఎక్కువ తగిలింది. చెప్పుకోవాల్సిన మనిషీ మా అమ్మే, చెప్పాల్సిన కబురూ మా అమ్మదే.

చెప్పులు విడవకుండా బైబిలు తెచ్చుకుని గుమ్మం బయటికొచ్చాను. కార్డు తీశాను. అంచులు మెత్తబడిపోయాయి, సిరా గోధుమరంగుకి తిరిగింది. రోజూ ఎవరి కాగితమో చిరగకుండా వేలికొసలతో పట్టుకునే ఉద్యోగం నాది. ఒక మూల ఊడినా అతికించి, రెండు పలకల మధ్య బరువు పెట్టి ఉంచేదాన్ని. నిలబడే కార్డును చదివాను, పైకి చదివాను. పంతులమ్మ గారు ప్రభువునందు నిద్రించిరి. అమ్మాయికి మెల్లగా తెలియజేయగలరు. చదివి, రెండుగా చింపాను. నాలుగుగా చింపాను.  పదేళ్లప్పుడు వార్డెను గారి గదిలో చేయాల్సిన పని అది. ఆవిడ చేయబోతే నేనే అడ్డంపడి లాక్కున్నాను.

రెండో బకెట్టులో సగం నీళ్లు మిగిలి ఉన్నాయి. పెరట్లో చీరతోనే నిలబడి తల మీద కుమ్మరించుకున్నాను.

ఇంటావిడ వంటింటి కిటికీలోంచి చూసింది. చీపురు పట్టుకుని బయటికొచ్చింది. “సందె వేళ తలస్నానమేంటమ్మాయ్, ఒంట్లో బాగుందా?” అంది. నీళ్ల సంగతి ఎత్తుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. జవాబు కూడా నాలుక చివర ఉంది, ఘాటైనదే. అది రాలేదు.

“మా అమ్మ పోయిందండీ” అన్నాను.

ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. అమ్మ లేదు అనేదాన్ని, చిన్నప్పుడే అనేదాన్ని. ఆవిడ చీపురు గోడకి చేరేసి, “అయ్యో తల్లీ, ఎప్పుడు?” అంది.

ఎప్పుడని చెప్పను? “ఇవాళే తెలిసిందండీ.”

ఆవిడ ఇంకేం అడగలేదు. లోపలికి వెళ్లి నిండు బకెట్టు ఒకటి మోసుకొచ్చింది, నన్ను రాతి మీద కూర్చోబెట్టి తన చేత్తోనే చెంబుతో పోసింది, నీళ్లు అయిపోయేదాకా పోసింది. ఈ పూట నీ గదిలో పొయ్యి వెలిగించకు అని చెప్పి, స్టీలు గిన్నెలో అన్నం, చారు తెచ్చి గుమ్మంలో పెట్టి, నేను తినేదాకా అక్కడే కూర్చుంది.